సినిమా బాగోలేదా, చూసిన తీరు బాగోలేదా?

అడిగిన ప్రశ్న ఇదీ: "ఈ మధ్య థియేటర్‌లోనూ ఇంట్లోనూ చూసిన సినిమాల్లో మీకు ఏవి నచ్చాయి? ఓటీటీలో చూసి నాకు బోర్ కొట్టిన సినిమాని థియేటర్‌లో చూసినవాళ్లు ఆకాశానికెత్తేస్తున్నారు. ఎవరి మాట నమ్మాలి?"

ముందు నా సంగతి చెప్పుకుంటాను, ఎందుకంటే అభిప్రాయం చెప్పేవాడు ఎక్కడ కూర్చుని చూశాడో తెలియాలి. పద్దెనిమిదేళ్లు థియేటర్ ప్రొజెక్టర్ రూంలో ఆపరేటర్‌గా పనిచేశాను. రీళ్ల కాలంలో చేరాను, సినిమా హార్డ్ డిస్కులో వచ్చే కాలంలో బయటికొచ్చాను. చిన్న గాజు కిటికీలోంచి ఒకే సినిమాని రోజుకు నాలుగుసార్లు చూసిన కళ్లు నావి. ఇప్పుడు ఎక్కువగా ఇంట్లోనే చూస్తాను, నెలకు ఒకట్రెండుసార్లు హాలుకి వెళ్తాను.

"భారీ సినిమాలు థియేటర్‌లో చూడాలి, చిన్న సినిమాలు ఇంట్లో చూసుకోవచ్చు" అని అందరూ అనే మాటే. నేను మాత్రం దీన్ని తిరగేసి చెబుతాను. భారీ సినిమా ఇంట్లో కూడా ఎలాగోలా బతికి బట్టకడుతుంది. నెమ్మదిగా, చప్పుడు లేకుండా నడిచే చిన్న సినిమానే ఇంట్లో చచ్చిపోయేది. ఈ మధ్య చూసినవి తలుచుకుంటే ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

'ది జోన్ ఆఫ్ ఇంటరెస్ట్' (2023) సంగతి చూడండి. ఔష్విట్జ్ మరణశిబిరాన్ని నడిపిన నాజీ అధికారి రుడాల్ఫ్ హోస్, అతని భార్యాపిల్లలు శిబిరం గోడకి ఆనుకునే ఉన్న ఇంట్లో కాపురం చేస్తుంటారు. తోట, ఈతకొలను, పిల్లల ఆటలు, వచ్చీపోయే చుట్టాలు. గోడ అవతల జరిగే ఘోరాన్ని మనకి చూపించరు. ఇంట్లో టీవీలో పెట్టాను. పేరు పడింది, తర్వాత తెరంతా నలుపు. సంగీతం మాత్రం వస్తోంది, బొమ్మ లేదు. అర నిమిషం చూశాను, టీవీ పాడైందేమోనని లేచి వెనక వైర్లు కదిపాను. ఇంట్లోవాళ్లు "నెట్ పోయిందా?" అని అడిగారు. పద్దెనిమిదేళ్లు బొమ్మ పోకుండా కాపలా కాసినవాడిని కదా, నల్లతెర కనిపిస్తే గుండె ఆగుతుంది. ఆ నలుపు దర్శకుడు కావాలని పెట్టిందే. ఇక కళ్లని నమ్ముకోకండి, చెవులు తెరవండి అని చెప్పడం. నేను చేసిందేమిటంటే ముందుకి జరిపేశాను.

ఆ తర్వాత గంటన్నర పైగా ఆ కుటుంబం భోంచేయడం, పడుకోవడం, తోటలో తిరగడం చూశాను. "ఇందులో ఏముంది?" అనుకుని పడుకున్నాను. రెండు వారాలకి అదే సినిమాకి సౌండ్ విభాగంలో ఆస్కార్ వచ్చిందని (2024లో) గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను. చప్పుడు కోసం బహుమతి తెచ్చుకున్న సినిమాని, టీవీ వెనక్కి తిరిగి ఉండే అరచేతిలో పట్టేంత స్పీకర్లలో విని తీర్పు చెప్పేశానన్నమాట. మళ్లీ పెట్టాను. లైట్లు తీసేసి, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. అప్పుడు వినిపించింది. పిల్లవాడు మంచం మీద ఆడుకుంటుంటే ఎక్కడో దూరంగా అరుపులు. తోటలో పూలు చూపిస్తుంటే అడుగున ఎడతెగని ఒక హోరు, కొలిమి మండుతున్నట్టు. తుపాకీ చప్పుడు, కుక్కల మొరుగు, ఎవరో గద్దించడం. ఆ ఇంట్లోవాళ్లు అవేవీ విననట్టు అన్నం తింటున్నారు. మొదటిసారి నేనూ సరిగ్గా వాళ్లలాగే కూర్చున్నాను. ఆ సంగతి తట్టాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ రెండేళ్లలో నేను చూసిన వాటిలో ఇదే అన్నిటికన్నా గొప్పది. మొదటి రాత్రి నన్ను అడిగి ఉంటే అయిదుకి ఒకటిన్నర ఇచ్చేవాణ్ని.

ఇప్పుడు దీని పక్కన 'ఆర్ఆర్ఆర్' పెట్టండి. 2022 మార్చిలో థియేటర్లలోకి వచ్చింది, మేలో హిందీ డబ్బింగ్ నెట్‌ఫ్లిక్స్‌లో పడింది. విదేశాల్లో చాలామంది దాన్ని మొదట చూసింది ఇంట్లో, టీవీలోనే. వాళ్లకది నచ్చకుండా పోయిందా? ఇంట్లో చూసినవాళ్లే ఊగిపోయి ఊరంతా చెప్పారు, నాటు నాటు పాటకి 2023లో ఆస్కార్ కూడా వచ్చింది. లారీలోంచి జంతువులు దూకే సీను ఆరంగుళాల ఫోన్‌లో పెట్టినా పని చేస్తుంది, ఎందుకంటే అది మన చూపుని లాక్కుంటుంది. మధ్యలో ఎవరో పిలిచి, అయిదు నిమిషాలు పోయి వచ్చినా కథ అర్థమవుతుంది. హాల్లో చూస్తే ఇంకా బాగుంటుంది, కాదనను. కానీ ఇంట్లో చూస్తే చచ్చిపోయే రకం కాదది.

చచ్చిపోయే రకం 'పర్‌ఫెక్ట్ డేస్' (2023). టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు కడిగే పెద్దాయన కథ. పొద్దున్నే లేస్తాడు, పరుపు మడుస్తాడు, మొక్కలకి నీళ్లు చల్లుతాడు, డబ్బా కాఫీ కొనుక్కుంటాడు, వ్యాన్‌లో క్యాసెట్ పెడతాడు, పనికి పోతాడు. మర్నాడు మళ్లీ అదే. ఆ మర్నాడూ అదే. ఇంట్లో మొదటిసారి చూస్తూ మూడో పొద్దు రాగానే ఫోన్ తీశాను. తప్పెవరిదంటారు? ఒకే పని నాలుగుసార్లు చూపిస్తే నాలుగోసారి ఏం మారిందో వెతకమని అర్థం. నేను వెతకలేదు, మెసేజ్‌లు చూసుకున్నాను.

తర్వాత చిన్న హాల్లో ప్రదర్శన ఉందంటే వెళ్లాను. పన్నెండు మందిమి ఉన్నాం. ఫోన్ జేబులో ఉంది, చుట్టూ చీకటి, లేచి వెళ్లడానికి మొహమాటం. నేను థియేటర్ గొప్పదనం అనేది ఈ మొహమాటాన్నే! అంత నెమ్మదైన సినిమాకి కావలసింది పెద్ద తెర కాదు, లేవనివ్వని కుర్చీ. మూడో పొద్దుకి నాకు ఆ మనిషి తలుపు తీసి ఆకాశం వైపు చూడటంలో తేడా కనిపించడం మొదలైంది. చివర్లో కెమెరా ఆయన ముఖం మీదే చాలాసేపు ఆగిపోతుంది. వ్యాన్ నడుపుతూ నవ్వుతాడు, కళ్లనిండా నీళ్లు, మళ్లీ నవ్వు. మాట లేదు, పాట మాత్రం ఉంది. ఆ ఒక్క షాట్ చూస్తే చాలు, ఆ పాత్ర వేసిన కోజీ యకుషోకి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఎందుకిచ్చారో తెలుస్తుంది. ఇంట్లో చూసినప్పుడు ఆ షాట్ నడుస్తుండగా నేను "అయిపోయిందా?" అని రిమోట్ నొక్కి ఇంకెంతసేపుందో చూసుకున్నాను. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

అలాగని థియేటర్‌లో చూసినవాళ్ల మాట వేదం కాదు. థియేటర్ కూడా అబద్ధాలు చెబుతుంది, ఇంకో రకంగా. 'మంజుమ్మెల్ బాయ్స్' (2024) హాల్లో చూశాను. కొడైకెనాల్‌లో గుణ గుహలకి వెళ్లిన మిత్రబృందంలో ఒకడు లోయలాంటి గోతిలో పడిపోతాడు. 2006లో నిజంగా జరిగిందే. వాడు పడిన క్షణంలో హాలంతా ఒక్కసారి గాలి పీల్చుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. చివర్లో 'గుణ' సినిమా పాట మొదలవగానే ముందు వరుసలవాళ్లు లేచి నిలబడ్డారు. బయటికొచ్చి అద్భుతం అన్నాను. మొన్న ఇంట్లో మా మేనల్లుడితో కలిసి మళ్లీ చూస్తే, రెండో సగం అప్పటిలాగే పట్టేసింది. మొదటి సగం మాత్రం, ఆ కుర్రాళ్ల అల్లరి, కారులో పాటలు, ఒకడి మీద ఒకడు జోకులు, సాగుతూనే ఉంది. ఎవరు ఎవరో కూడా సరిగ్గా తెలియదు. హాల్లో ఆ జోకులకి చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు, వాళ్లతో పాటు నేనూ నవ్వాను. సినిమాలో లేనిది హాలు నింపింది. ఈ విషయంలో ఇంట్లో వచ్చిన అభిప్రాయమే సరైనదని ఒప్పుకుంటాను. కామెడీ, హారర్ సినిమాలకి ఇది మరీ ఎక్కువ. జనంతో కలిసి నవ్విన నవ్వుకీ, కలిసి వేసిన కేకకీ మార్కులు వేయకండి.

'ఓపెన్‌హైమర్' (2023) నన్ను రెండుగా చీల్చిన సినిమా. పెద్ద తెర ఐమ్యాక్స్ ప్రింటు దాదాపు 18 కిలోమీటర్ల పొడవూ, రెండు వందల డెబ్భై కిలోల బరువూ ఉంటుందని చదివి నోరెళ్లబెట్టాను. మేము నడిపిన మామూలు 35 ఎంఎంలో మూడు గంటల సినిమా అయిదు కిలోమీటర్లు దాటదు, దానికే మాకు భుజాలు పడిపోయేవి. సరే, సినిమా సంగతి. అణుబాంబు పరీక్ష సీను హాల్లోనే చూడాలి. వెలుగు ముందు వస్తుంది, చప్పుడు రాదు. నిమిషం పైగా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. దూరంలో ఉన్నవాళ్లకి చప్పుడు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అది భౌతికశాస్త్రం ప్రకారం కూడా సబబే. అన్ని వందల మంది ఒక్కసారిగా దగ్గడం మానేస్తే ఎలా ఉంటుందో ఆ నిమిషంలో తెలిసింది. ఇంట్లో ఆ నిమిషంలో నాకు ఫ్రిజ్ రొద వినిపించింది.

అదే సినిమా ఆఖరి గంట, విచారణలూ, సాక్ష్యాలూ, ఎవరు ఎవరికి ఎప్పుడు వెన్నుపోటు పొడిచారన్నదీ, ఇంట్లోనే బాగుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, రెండుచోట్ల ఆపి, "ఈయన ఎవరు, ఇందాక కనిపించిన ఆయనేనా?" అని చూసుకున్నాక ఓపెన్‌హైమర్‌ని దెబ్బతీయాలని చూసిన అధికారి లూయిస్ స్ట్రాస్ పాత్ర అసలు లోతు తెలిసింది. హాల్లో నాకు సగం పేర్లు అందలేదు. ఈ సినిమా దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ సినిమాల్లో మాటలు వినపడవని చాలామంది గోల పెడతారు. షూటింగ్‌లో నటులు పలికినదాన్నే ఉంచడానికి ఆయన ఇష్టపడతాడు, డబ్బింగ్ గదిలో మళ్లీ చెప్పించడం ఇష్టం ఉండదు. అది ఆయన ఎంచుకున్న దారి. అందుకని అందులో కొంత తప్పు ఆయనదే అంటాను.

కానీ "మాటలు వినపడలేదు" అన్న ప్రతి ఫిర్యాదూ దర్శకుడి మీద తోయకండి. దీని గురించి నా దగ్గరో పాపం ఉంది. హాల్లో సౌండ్ ప్రాసెసర్‌కి ఫేడర్ ఉంటుంది, అంటే సౌండ్ పెంచి తగ్గించే మీట. దాని మీద 7 అంకె దగ్గర పెడితే, మిక్సింగ్ చేసినవాళ్లు ఎంత సౌండ్‌లో విన్నారో జనానికీ అంతే వినిపిస్తుంది. ఒకసారి ట్రైలర్లు చెవులు పగిలేలా ఉన్నాయని ఎవరో వచ్చి గొడవ పెడితే 5కి దించాను. సినిమా మొదలయ్యాక మళ్లీ పెంచడం మర్చిపోయాను. ఇంటర్వెల్‌లో మెట్ల దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు: "డైలాగుల్లో పస లేదురా, రాసినవాడెవడో." పైకి పరిగెత్తి ఫేడర్ 7కి తెచ్చాను. ఆట అయ్యాక అదే ఇద్దరు, "సెకండాఫ్‌లో మాత్రం రైటర్ ఇరగదీశాడు" అనుకుంటూ పోయారు. రైటర్ ఒక్కడే, మారింది నా వేలు. అప్పట్నుంచి సినిమా గురించి నా అభిప్రాయం చెప్పే ముందు, ఆ రోజు ఫేడర్ ఎక్కడుందో నాకు తెలుసా అని నన్ను నేనే అడుగుతాను.

ఇంట్లోనూ ఇలాంటి వేలే ఒకటుంది, టీవీ కంపెనీ వాళ్లది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కొత్త టీవీలు వాటి మధ్య లేని ఫ్రేములని తామే పుట్టించి కదలికని నున్నగా చేస్తాయి. అందుకే కోట్లు పెట్టి తీసిన సినిమా మీ టీవీలో సాయంత్రం సీరియల్‌లా కనిపిస్తుంది. చుట్టాల ఇంట్లో ఒక పాత యుద్ధం సినిమా చూస్తుంటే, "సెట్టింగులు ఎంత చవకగా వేశారో" అన్నారు. మెనూలోకి వెళ్లి మోషన్ అని ఉన్నది ఆపేశాను. అంతే, సెట్టింగులు ఖరీదైపోయాయి. టామ్ క్రూజ్ 2018లో దీన్ని ఆపేయండి మహాప్రభో అని వీడియో చేసి మరీ చెప్పాడు. ఆ తర్వాతి ఏడాది సినిమాని తీసినవాళ్లు అనుకున్నట్టే చూపించే ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకదాన్ని టీవీలకి ప్రకటించారు. మీ టీవీలో అది ఉంటే సినిమాలకి అదే పెట్టుకోండి. లేకపోతే సినిమా మోడ్ పెట్టి, మోషన్ ఆపేసుకోండి. మొదట్లో రంగులు పసుపుగా, మసకగా అనిపిస్తాయి. రెండు రోజులు ఓపిక పట్టండి, తర్వాత పాతది చూడలేరు.

"సీన్లన్నీ చీకటిగా ఉన్నాయి" అనేది ఇంకో ఫిర్యాదు. హాల్లో తెర మీద తెలుపుకి ప్రామాణికం 48 నిట్స్ (వెలుగుని కొలిచే లెక్క). మామూలు టీవీ దానికి కొన్ని రెట్లు వెలుగిస్తుంది. అయినా హాల్లో బాగా కనిపిస్తుంది, ఎందుకంటే చుట్టూ చీకటి, కళ్లు అలవాటు పడతాయి. ఇంట్లో ట్యూబ్‌లైట్ వేసుకుని రాత్రి సీను చూసి "ఏం కనపడటం లేదు" అనేది మనమే. పైగా హాలుకి వచ్చే కాపీలో బొమ్మకి సెకనుకి 250 మెగాబిట్ల దాకా డేటాకి జాగా ఉంటుంది. ఇంటికి స్ట్రీమింగ్‌లో వచ్చేది సాధారణంగా అందులో పదో వంతు. ఆ పిసినారితనం ముందు తేలేది చీకటి సీన్లలోనే, నలుపంతా గళ్లు గళ్లుగా. అలాగని హాళ్లని వెనకేసుకు రావడం లేదు. ల్యాంపు ముసలిదైపోయినా మార్చని చోట్లు నాకు తెలుసు. త్రీడీ ఆట కోసం పెట్టిన ఫిల్టర్‌ని మామూలు ఆటకి తీయకుండా నడిపించిన చోటూ తెలుసు. అక్కడ చూసినవాడు కెమెరామన్‌ని తిట్టుకుంటూ ఇంటికి పోతాడు.

ఇల్లు హాలుని పూర్తిగా ఓడించిన సందర్భం కూడా చెప్పకపోతే అన్యాయం. పోయిన నెలలో 'మాయాబజార్' మళ్లీ చూశాను. 1957 నాటి నలుపు తెలుపుదే, 2010లో రంగులద్దినది కాదు. రంగులద్దినవాళ్ల కష్టాన్ని తక్కువ చేయను గానీ, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడలతో వేసిన ముగ్గు మీద రంగు పోస్తే ముగ్గు కనపడదు. టీవీలో తెర నిండా రావాలని ఎవరో బొమ్మని అడ్డంగా సాగదీసి వదిలేశారు, ఎస్వీ రంగారావు భుజాలు ఇంకో జానెడు వెడల్పయ్యాయి. ముందది సరిచేశాను. ఈ పాత సినిమాల బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, రెండు పక్కలా నలుపు ఉండాల్సిందే. ఆపైన శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు వచ్చే సీన్లు. ఆడపిల్ల వేషంలో ఉన్న రాక్షసుడిగా సావిత్రి నటించాలి. రిమోట్ చేతిలో ఉంది కాబట్టి ఆమె నడకని ఒకటికి ఆరుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ముందు భుజం కదులుతుంది, తర్వాత అడుగు పడుతుంది. అది రంగారావు నడక. ఎవరైనా వస్తున్నారని తెలియగానే ఆ భుజం ఒక్కసారి ముడుచుకుని శశిరేఖ అయిపోతుంది. ప్రొజెక్టర్ రూంలో ఉన్నన్నాళ్లూ నేను కోరుకున్నది ఇదే, బొమ్మని ఆపి వెనక్కి తిప్పే వీలు. అప్పుడు ఆపితే ల్యాంపు వేడికి ఫిల్మ్ కాలిపోయేది!

ఇక మీ ప్రశ్న, ఎవరి మాట నమ్మాలి అన్నది. ఫిర్యాదు దేని గురించో చూడండి. కథలో అతుకులు కనిపిస్తున్నాయి, హీరోయిన్ పాత్ర మధ్యలో మాయమైపోయింది, చివరి మలుపు నమ్మేలా లేదు, ఇలా అన్నవాళ్లు ఎక్కడ చూసినా నమ్మొచ్చు. అవి ఫోన్‌లోనూ కనిపిస్తాయి, పెద్ద తెర మీదా కనిపిస్తాయి. "ల్యాగ్, చీకటి, మాటలు అర్థం కాలేదు" అన్నవాళ్లని మాత్రం నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. ఒక్క బిగిన చూశారా, మూడు రాత్రుళ్లు పంచుకుని చూశారా? సౌండ్ దేంట్లోంచి వచ్చింది? 'పర్‌ఫెక్ట్ డేస్' ల్యాగ్ అన్నప్పుడు నన్నెవరైనా ఇవే అడిగి ఉంటే నోరు మూసుకునేవాణ్ని. అలాగే "గూస్‌బంప్స్" అన్న ఒక్క మాటతో సరిపెట్టే హాలు సమీక్షని కూడా సగం తగ్గించి చదువుతాను. రోమాలు లేచింది సినిమాకో, పక్క సీటువాడి ఈలకో ఆ క్షణంలో వాడికే తెలియదు.

ఇంతకీ మీకు బోర్ కొట్టిన ఆ సినిమా పేరు మీరు రాయలేదు. పేరు చెప్పండి, ఏ టీవీలో, ఏ మోడ్‌లో, లైటు వేసి చూశారో తీసేసి చూశారో కూడా రాయండి. నేను చూసి ఉంటే తప్పు ఎవరిదో తేల్చడానికి ప్రయత్నిస్తాను. చూడకపోతే ఈ వారం ఇంట్లో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసి వచ్చి చెబుతాను.